వాండా గారి రెండు ప్రశ్నలు

వాండా గారికి ఉన్న చాదస్తం ఒక్కటే. ఎదుట ఉన్నది దేవుడైనా సరే, పేరూ పుట్టిన తేదీ చెప్పందే చేతికి ఏదీ ఇవ్వరు.

కాటోవిత్సెలోని ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, కణాలు పెంచే గది ఆవిడది. డాక్టర్ హుబెర్ట్ రోజూ పొద్దున్నే కాగితాల కోసం వెళ్లి ఆ గది కిటికీ ముందు నిలబడేవాడు.

"పేరు?"

"నిన్న చెప్పానుగా వాండా గారూ!"

"నిన్న చెప్పినాయనా మీరూ ఒకరేనని నాకెలా తెలుస్తుంది?"

"హుబెర్ట్ కలీనా. ఫిబ్రవరి పంతొమ్మిది."

అప్పుడుగానీ కాగితం బయటికి వచ్చేది కాదు. మూడేళ్లుగా ఇదే తంతు. ఇంట్లో మొగుడికి సూపు గిన్నె అందించే ముందు కూడా అడుగుతారని నర్సులు చెప్పుకునేవారు. హుబెర్ట్ నమ్మలేక ఆయన్నే అడిగాడు. "మారు వడ్డించేటప్పుడు అడగదు బాబూ," అన్నారు రోమన్ గారు, అదే పదివేలన్నట్టు.

అసలు అక్కడ పుట్టినరోజు పట్టించుకునేదెవరు? ఎవరికి ఏ సెయింటు పేరు పెడితే ఆ సెయింటు రోజే వాళ్ల పండగ. పూలూ, కేకులూ, చుట్టాలూ అన్నీ ఆ పేరుపండగ నాడే. పుట్టిన తేదీ అడిగితే ముసలివాళ్లు కాసేపు పైకప్పుకేసి చూసి మరీ చెప్పేవారు.

ఆ సెప్టెంబరులో బార్బరా విల్క్ అనే తొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. కంచే చేను మేసినట్టు, ఒంటిని కాపాడవలసిన కణాలే ఆ పిల్లలో ఇన్సులిన్ చేసే కణాలను తినేస్తున్నాయి. మిగిలినవి గుప్పెడు. ఆ గుప్పెడూ పోయేలోగా ఆపాలి. అందుకని అంతకు ఐదు వారాల ముందే పిల్ల రక్తం తీసి, అందులో తగవులు సర్దే కణాలను ఏరి, ఎక్కడికి వెళ్లి ఎవరిని అదుపు చెయ్యాలో తెలిసేలా వాటిని మార్చి, పెంచారు. అంతా కలిపి ఒక్క చిన్న సంచి. ఎక్కించే రోజు పొద్దున పదింటికి దాన్ని కట్టారు. పన్నెండు దాటితే పారబోయడమే.

వాండా గారు సంచి పట్టుకుని మంచం దగ్గరికి వచ్చారు.

"పేరు?"

"బార్బరా విల్క్."

"పుట్టిన తేదీ?"

"నవంబరు తొమ్మిది."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. సంచి మీద డిసెంబరు నాలుగు అని ఉంది.

పక్కనున్న అమ్మమ్మ గెర్త్రూదా అందుకుంది. "డిసెంబరు నాలుగేనమ్మా! గని పనివాళ్లని కాచే సెయింటు బార్బరా పండగ. గనిలో పనిచేసిన మా ఆయన ఈకల టోపీ పెట్టుకుని బ్యాండు వెంట నడిచే రోజు. పిల్లకి కేకు చేసేదీ ఆ రోజే. రక్తం తీసినప్పుడు తేదీ అడిగితే నేనే చెప్పా."

పదకొండేళ్ల ఉద్యోగంలో వాండా గారు పెట్టిన ఒకే ఒక్క సెలవు సరిగ్గా ఆ రక్తం తీసిన వారమే.

"అది పండగ. పుట్టింది ఎప్పుడు?"

"ఎప్పుడు పుడితే ఏం, పెరుగుతోందిగా!" అంది అమ్మమ్మ.

మంచం అవతల ఉన్న హుబెర్ట్ గడియారం చూశాడు. "ఇవాళ ఇక్కడున్న బార్బరా ఒక్కతే. ఎక్కించేద్దాం."

"ఇవాళ ఒక్కతే. రక్తం తీసిన రోజు ఎందరి సీసాలు వచ్చాయో నేను చూళ్లేదు. ఇంకొకరివి ఎక్కితే ఈ పిల్ల ఒళ్లు ఊరుకోదు."

"పారబోస్తే ఇంత చిన్న ఒంట్లోంచి మళ్లీ అంత రక్తం తియ్యడానికి నెలలు ఆగాలి! అప్పటికి కాపాడ్డానికి ఏం మిగలదు."

ఇద్దరు చెప్పిందీ నిజమే. అదే బాధ.

సంచిలోని కణాల జాతకం, అంటే ఎవరి ఒంటివో చెప్పే పరీక్ష కాగితం, వాండా గారి దగ్గర ఉంది. పిల్లకి వసంతంలో చేసిన అదే పరీక్ష కాగితం, మొదట చూపించిన రిబ్నిక్‌లోని చిన్న ఆసుపత్రిలో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. ఆవిడ ఫోను చేశారు.

"రికార్డులు చూసేవాళ్లు కాఫీకి వెళ్లారండీ," అన్నాడు అవతలివాడు.

"పేరు?"

"ఎవరిది?"

"మీదే. పుట్టిన తేదీ కూడా."

అతను భయపడి రెండూ చెప్పి, బీరువా వెతకడానికి తనే పరిగెత్తాడు.

పదకొండుంపావు అయింది. కాగితం రాలేదు. హుబెర్ట్ నోరు జారాడు. "మీ చాదస్తానికి ఈ పిల్ల బలి!" వాండా గారు మళ్లీ రిబ్నిక్‌కి ఫోను కలిపారు.

పదకొండున్నరకి కాగితం వచ్చింది. ఆవిడ ఒక్కొక్క అంకె పైకి చదివారు, హుబెర్ట్ రెండో కాగితంలో చూశాడు. ఒక్కటీ తేడా లేదు.

"ఇక ఎక్కిద్దాం," అన్నాడు హుబెర్ట్.

"పేరు?" అన్నారు వాండా గారు పిల్లతో.

హుబెర్ట్ గోడకి తల ఆనించాడు.

"బార్బరా విల్క్. నవంబరు తొమ్మిది," అంది పిల్ల. అమ్మమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు చివరి బొట్టు లోపలికి వెళ్లింది.

హుబెర్ట్ వరండాలో క్షమాపణ చెప్పబోయాడు. "అది తర్వాత. తేదీ దిద్దిన కాగితం మీద సంతకం పెట్టండి. పేరు?" అన్నారావిడ.

నవంబరు తొమ్మిదిన హుబెర్ట్ కిటికీ దగ్గరికి వెళ్లేసరికి వాండా గారు ఫోనులో ఉన్నారు. ఎదురుగా ఒక పాత నోటుపుస్తకం. ఆ గదిలో కణాలు పెంచిన పిల్లలందరి పుట్టిన తేదీలూ అందులో ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన ఏటేటా ఫోను చేసినట్టు టిక్కులు.

"ఇవాళ అమ్మమ్మ కేకు చేసిందా?"

"లేదు. డిసెంబరులోనేట," అంది ఫోనులో బార్బరా గొంతు.

"అలా అనే అనుకున్నాను. మా ఆయన, రోమన్ తాతయ్య, ఆపిల్ కేకు పట్టుకుని బయల్దేరాడు. పేరూ తేదీ అడిగాకే తలుపు తియ్యి. అమ్మ లెక్క చూసి ఇన్సులిన్ వేశాక తిను. ఇప్పుడు ఎంత వేస్తున్నారు?"

"ముందు వేసినదాంట్లో సగం."

అది ఎన్నాళ్లుంటుందో ఇంకా ఎవరికీ తెలియదు. అయినా హుబెర్ట్‌కి ఈల వెయ్యాలనిపించింది.

"మరి మీ పేరు?" అంది బార్బరా.

"వాండా."

"పుట్టిన తేదీ?"

పదకొండేళ్లలో ఆ మాట ఆవిడని అడిగినవాళ్లు లేరు. వాండా గారి ముఖం బీట్‌రూట్ అయిపోయింది. "నా పేరుపండగ జూన్ ఇరవై మూడు..."

"అది పండగ. పుట్టింది ఎప్పుడు?"

ఆవిడ కిటికీకేసి చూశారు. "డాక్టర్ గారూ, చెవులు మూసుకోండి."

హుబెర్ట్ బుద్ధిగా మూసుకున్నాడు, వేళ్ల మధ్య కాస్త సందు వదిలి.

ఏప్రిల్ పన్నెండు పొద్దున్నే హుబెర్ట్ ఆపిల్ కేకు పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. వాండా గారు నోరు తెరవబోయేంతలో, "పేరు?" అన్నాడు.