గోదారి ఒడ్డున బావ నిద్ర

ఇదొక మహాగాథ. ఇందులో నది ఉంది, శపథం ఉంది, శత్రుసేన ఉంది, ఆ సేనను ఒంటరిగా ఎదుర్కొన్న ఐదేళ్ల వీరనారి ఉంది. ఇలాగే గంభీరంగా సాగదీద్దామనుకున్నాను గానీ, రాయడానికి కూర్చుంటే తేలింది ఏమిటంటే, ఒక ఆదివారం మేం రెండు కుటుంబాలవాళ్లం ట్రాలీ ఆటో ఎక్కి లక్సెట్టిపేట దగ్గర గోదారి ఒడ్డుకు పోయాం, అన్నం తిన్నాం, తిరిగొచ్చాం. శత్రుసేన అంటే మేకలు.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా అక్కకు బడి నుంచి ఫోనొచ్చింది. మా మేనకోడలు ఇప్పుడు ఏడో తరగతి. "మీ అమ్మాయి మాట్లాడితే అటు క్లాసుకూ ఇటు క్లాసుకూ వినిపిస్తున్నది, జర చెప్పండి" అని టీచరు మర్యాదగానే ఫిర్యాదు చేసింది. అలాంటి మాట విన్న తల్లి కోప్పడాలి. మా అక్క వెంటనే నాకు ఫోన్ చేసి, పిల్లకు మెడల్ వచ్చినంత సంబరంగా, "రెండు దిక్కులకు ఇనవడుతుందట రా తమ్మీ!" అన్నది. ఈ సంబరం ఏమిటో అర్థం కావాలంటే ఆ పిల్లకు ఐదేళ్లున్నప్పటి మందమర్రి క్వార్టరుకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు చెప్పులు బయటే విడిచి, మునివేళ్ల మీద రావాలి. లోపల మా బావ పడుకొని ఉంటాడు.

బావది బొగ్గుబాయిలో పని. అప్పట్లో ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడేవి. తెల్లారి వచ్చి, స్నానం చేసి, తిని పడుకుంటే మళ్లీ లేచేది పొద్దు వాలినాకే. నేను డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పుకుంటూ వాళ్లింట్లో ఉండేవాణ్ణి. చదువుకోవడానికి అంత నిశ్శబ్దమైన ఇల్లు ఎక్కడా దొరకదు. నాకు ఉద్యోగం రాకపోవడానికి చప్పుడు కారణమని చెప్పుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. ఆ ఇంట్లో కుక్కర్ కూత వేయబోతుందనగా అక్క ఉరికి స్టవ్ ఆపేది, అందుకే మేం తినే పప్పు ఎప్పుడూ కొంచెం పలుకుగా ఉండేది. స్టీలు పళ్లాలను తువ్వాల పరిచి దాని మీద బోర్లించేవాళ్లం. తలుపు గొళ్లానికి పాత గుడ్డ చుట్టి ఉండేది. కూరగాయల బండి అతనికైతే ఎవరింట్లో ఎవరిది ఏ షిఫ్టో మొత్తం తెలుసు, మా గుమ్మం దగ్గరికి రాగానే మైకు బంద్ చేసి, టమాటలు ఉన్నాయని సైగ చేసేవాడు. బెండకాయకు వేరే సైగ ఉండేది. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, ఆ గల్లీలో సగం ఇళ్లు ఇంతే. అక్కడి పిల్లలు తప్పటడుగులు కూడా చప్పుడు కాకుండా వేస్తారని నేనంటే అక్క చీపురు తీసింది. దాన్ని కూడా చప్పుడు కాకుండానే తీసింది.

మా మేనకోడలికి మాట తక్కువేమీ కాదు. తల్లితో పోట్లాడితే గల్లీ చివరి దాకా తెలిసేది. కానీ తండ్రి కనబడితే చాలు, అలవాటుగా గొంతు తగ్గిపోయేది. ఆయన మెలకువగా ఉన్నా, కూర్చుని టీ తాగుతున్నా, దగ్గరికి వచ్చి చెవిలో గుసగుసలాడేది. బాయిలో మిషన్ల మోతకు బావ చెవులు కొంచెం మందగించాయి. ఆ గుసగుస ఆయనకు అందేది కాదు. "ఏంది బిడ్డా?" అని ఆయన, "ఏం లే బాపు" అని అంతకంటే మెల్లగా ఈమె. తండ్రీకూతుళ్ల సంభాషణ అక్కడికి సమాప్తం. ఒకరోజు బడిలో మీ నాన్న ఏం చేస్తాడని అడిగారట. ఒకరి నాన్న డ్రైవరు, ఒకరి నాన్న టైలరు. మా పిల్ల లేచి నిలబడి, "మా బాపు పండుకుంటడు" అని చెప్పింది. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. బావ కూడా నవ్వాడు. కానీ ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. మా బావ లెక్కలో అది దుఃఖానికి పరాకాష్ఠ.

చెయ్యి కడుక్కొని వచ్చి శపథం చేశాడు. "గీ ప్లేడేకు డ్యూటీకి పోతలే. బిడ్డను గోదారికి తీస్కపోత. గాడ దానితోని గట్టిగ బాపూ అనిపిస్త, చూడుండ్రి." ప్లేడే అంటే బాయి పనివాళ్ల వారపు సెలవు. ఆ రోజు కూడా బావ డ్యూటీకి పోయేవాడు, పోనినాడు పడుకునేవాడు.

"అనిపియ్యకపోతే ఏం చేస్తవ్ బావా?" అన్నాను.

"ఏం చేస్త? మళ్ల ప్లేడేకు మళ్ల తీస్కపోత."

శపథానికి ఉండాల్సిన భీకరత్వం అందులో లేదు. 

వెనక గల్లీలో ఉండే భాయ్‌కి ట్రాలీ ఆటో ఉండేది. కిరాణా దుకాణాలకు సరుకు వేసేవాడు. ఆయన, ఆయన భార్య, మా మేనకోడలి ఈడు కొడుకు కూడా వస్తామన్నారు. భాయ్ భార్యను మేమంతా ఆపా అనేవాళ్లం. బగారన్నం, కోడికూర ఆపా వంతు. సర్వపిండి, పెరుగన్నం అక్క వంతు. నీళ్ల డబ్బా మోయడం నా వంతు. ఆదివారం పొద్దున బావ రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని నేరుగా ఆటో ఎక్కాడు.

"కండ్లు ఎర్రగున్నయేంది బావా?"

"గాలికి."

ఆటో ఇంకా కదలనే లేదు.

గోదారి ఆ రోజుల్లో చాలా మర్యాదగా ఉంది. వానలు వెనకబడ్డాయి, ఇసుక తేలింది, ఒడ్డున పిల్లల చీలమండలు మునిగేటన్ని నీళ్లు. కాసేపు అందరం నీళ్లలో నిలబడి, కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే అదేదో మేమే కనిపెట్టినట్టు కేకలు పెట్టాం. అందరం అంటే మేనకోడలు తప్ప. తండ్రి చెయ్యి పట్టుకుంది కాబట్టి నోరు మూసుకుంది. బావ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బిడ్డా, గీడ ఎవలు పండుకోలే. గట్టిగ అను. బాపూ!" పిల్ల అటూ ఇటూ చూసింది. ఆయన మెడ చుట్టూ చేతులేసి, చెవిలో "బాపు" అంది. "ఇనవడలే" అన్నాడు బావ. మళ్లీ చెవిలోనే అంది, ఈసారి ఇంకో చెవిలో. "అరె బేటీ, జోర్ సే! భైంసా దాంక ఇనవడాలె!" అని భాయ్ ఉత్సాహపరిచాడు. దానికి వాళ్ల కొడుకు గుండెల నిండా గాలి పీల్చి, మా బావ వంక చూసి, "బాపూ!" అని ఒక్క అరుపు అరిచాడు. వాడు వాళ్ల నాన్నను అబ్బా అంటాడు, ఏదో సాయం చేద్దామనుకున్నాడు పాపం. బావ వాడి తల నిమిరి, వచ్చినంత వరకు తీసుకున్నాడు.

"అన్నం తినంగనే చూస్కో బామ్మర్ది, నడుమ్మంటి నీళ్లల నిలవడి నేను ఒర్లుత, నన్ను చూసి అది ఒర్లుతది" అని నాతో పథకం చెప్పాడు. తర్వాత బగారన్నం తిన్నాడు, మళ్లీ తిన్నాడు, ఆపా బలవంతం మీద ఇంకోసారి తిన్నాడు. చింతచెట్టు కింద తువ్వాల పరిచి, "జర నడుం వాలుస్త, గిట్ల లేస్త" అన్నాడు. మాట పూర్తయిందో లేదో, గురక మొదలైంది.

ఆ తర్వాత జరిగింది మా కాలనీవాళ్లు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యరు. ఇసుక ఇల్లు చూపించడానికి ఉరికొచ్చిన పిల్ల తండ్రిని చూసి ఠక్కున ఆగి, పెదవుల మీద వేలు పెట్టింది. అంతే. అక్క గిన్నెల కింద తువ్వాల పరిచింది. ఆపా గాజులు మోచేతి దాకా ఎగదోసుకుంది. భాయ్ ఆటోను నీడలో పెడదామన్నాడు, స్టార్ట్ చేస్తే చప్పుడవుతుందని, నేనూ ఆయనా ఇసుకలో చెమటలు కక్కుతూ తోశాం. పక్కన ఇంకో కుటుంబం స్పీకరులో పాటలు పెట్టుకొని కూర్చుంది. మా మేనకోడలు పోయి అందులో ఒక ముసలమ్మ చెవిలో ఏదో చెప్పింది. ముసలమ్మ మా దిక్కు చూసి, "నైట్ డ్యూటీయా?" అని చేతితో అడిగింది. అక్క తలూపింది. పాట ఆగిపోయింది. వాళ్లూ బాయివాళ్లేనన్నమాట. కాసేపట్లో ఆ ఒడ్డంతా పరీక్ష హాలులా తయారైంది. గోదారి ఒక్కటే ఎవరి మాటా వినకుండా పారుతోంది.

పొద్దు చెట్టు మీది నుంచి దిగి నీళ్ల దిక్కు పోతోంది. చీకటి పడకముందే బయల్దేరాలని భాయ్ ముందే చెప్పాడు. నేను అక్క పక్కకు జరిగి గుసగుసగా, "లేపుతనే, వచ్చిందే అందుకు గదా" అన్నాను.

"రాత్రంత మేలుకున్నడు రా, పండనీయ్."

"మరి శపథం?"

"లేసినంక చేస్కుంటడు తియ్."

"లేసేసరికి ఇంటికి పోయే యాళ్లయితది. దొరికిందే గీ ఒక్క రోజు."

అక్క దూరంగా ఒంటరిగా ఇసుక పోస్తున్న కూతురి వంక చూసింది. లేపుదామనే చెయ్యి చాపింది. భుజం దాకా పోయిన చెయ్యి, ఆయన మొఖం మీద పడుతున్న ఎండకు తువ్వాల కొస సర్ది వెనక్కి వచ్చేసింది. "పండనీయుండ్రి, పరేషాన్ చెయ్యకుండ్రి" అని భాయ్ కూడా గుసగుసలాడాడు. ఒక మనిషి కూతురి గొంతు వినడానికి వస్తే, ఆ కూతురితో సహా ఇంతమందిమి కలిసి ఆయనకు ఏమీ వినబడకుండా కాపలా కాశాం.

అప్పుడు వచ్చాయి మేకలు. ఒక పెద్ద మంద, నీళ్లు తాగడానికి ఒడ్డు దిగి, మెడల్లో గంటలు మోగిస్తూ, మే మే అంటూ మా చెట్టు వైపే. ఒకటి ఆపా తెచ్చిన విస్తర్లు నమలడం మొదలుపెట్టింది. ఇంకోటి తిన్నగా వెళ్లి బావ ఇస్త్రీ చొక్కా కొస నోట్లో పెట్టుకుంది. మేనకోడలు ఉరికొచ్చి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడి, ముందు మర్యాదగా గుసగుసతోనే "పోండ్రి, పోండ్రి" అంది. మేకలకు గుసగుస రాదు. చొక్కా ఇంకొంచెం లోపలికి పోయింది. పిల్ల మొఖం ఎర్రబడింది, గొంతు నరాలు పొంగాయి, నదికి అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు కూడా తల తిప్పి చూసేటట్టు అరిచింది.

"ఏయ్ మేకలూ! మా బాపు పండుకున్నడు! లొల్లి చెయ్యకుండ్రి!"

మేకలు ఒక్క క్షణం నిజంగానే ఆగాయి. వాటి వెనక వస్తున్న ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి, "గిప్పుడు లొల్లి చేస్తున్నది మేకలా పోరీ, నువ్వా?" అన్నాడు. పిల్ల తగ్గలేదు. "మా బాపుకు నైట్ డ్యూటీ!" అని ఆయన మీదా అరిచింది. నేను బావ వంక చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు, కదలొద్దన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు, మళ్లీ గట్టిగా మూసుకున్నాడు. చొక్కా కొస మేక నోట్లోనే ఉంది. ఇంకో రెండు అరుపులు వినేదాకా ఆయన లేవలేదు. మేక కూడా అంతసేపూ తన పని తాను చేసుకుంది.

అప్పుడే మెలకువ వచ్చినట్టు ఒళ్లు విరుచుకొని, "ఎవలు బిడ్డా, గట్ల ఒర్రింది?" అన్నాడు. నాటకం బాగా ఆడలేదు. పిల్ల గబగబా వచ్చి, మెడ చుట్టూ చేతులేసి, చెవిలో ఏదో చెప్పింది. "ఏమన్నది బావా?" అంటే, "మేకలట" అన్నాడు. ఆ గుసగుస ఆయనకు మొదటిసారి వినబడింది. అందులో అద్భుతం లేదు, మేకలు అప్పటికి వెళ్లిపోయాయి, పైగా ఆ సంగతి ఆయన ముందే విని ఉన్నాడు.

తిరుగు దారంతా ఆటోలో వాదనే. "బాపు అన్నదా, లేదా?" అని బావ. "నిన్ను పిలువలే, మేకలకు చెప్పింది" అని అక్క. "ఎవలకు చెప్తేంది? గట్టిగ చెప్పింది." కొస లేని చొక్కాతో, గెలిచినవాడిలా కూర్చున్నాడు. ఒళ్లో పిల్ల నిద్రపోతుంటే, భాయ్ హారన్ కొట్టకుండా మందమర్రి దాకా నడిపాడు.

ఆ పిల్ల తండ్రితో గొంతు విప్పి మాట్లాడటం ఏ రోజు మొదలుపెట్టిందో మాలో ఎవరికీ తెలియదు. కాలం మనల్ని లేపి చెప్పి పోదు, మనం ఒక కునుకు తీసి లేచేసరికి ఐదేళ్ల పిల్ల ఏడో తరగతిలో ఉంటుంది. బావకు ఇది ఆ రోజే తెలిసిందేమో, ఆ రాత్రి కన్ను మూయకుండా కూతురి మొఖమే చూస్తూ కూర్చున్నాడని అక్క చెప్పినప్పుడు నేనూ అదే అనుకున్నాను. మధ్యాహ్నమంతా పడుకున్న మనిషికి రాత్రి నిద్ర పట్టదు.