‘బై ఫోర్స్’ అన్న మాట

పోలీసు చర్య జరిగిన కొత్తలో ఇబ్రహీంపట్నంలో దిగిన మిలిటరీ వాళ్లు మా అన్నను పట్టుకుపోయారు. అన్న పెద్ద చెరువులో చేపలు పట్టి బతికేవాడు. కమ్యూనిస్టుల సాయుధ దళం వాళ్లకు అన్నం పెట్టాడని ఎవరో చెప్పారట. పెట్టిన మాట నిజమే.

క్యాంపు అధికారి మాట ఉర్దూకు దగ్గరగానే ఉండేది కానీ ఆ లిపి చదవలేడు. అన్నను వదలమని పెట్టే అర్జీ ఇంగ్లీషులో ఉండాలన్నారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కణ్ణే, అదీ ఉర్దూ బడిలో. దళం వాళ్లు బలవంతం చేస్తే పెట్టాడని చెప్పాలనుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో ‘హీ గేవ్ దెమ్ ఫుడ్ బై ఫోర్స్’ అని రాశాను. రాశాక ఆ చివరి మాట దగ్గరే మనసు ఆగిపోయింది. తప్పని తెలియదు, ఒప్పని ధైర్యం లేదు.

వదినను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లాను. అక్కడి నర్సమ్మ బందరు వైపు మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. కాగితం చదివి నా వైపు చూసింది.

"ఇందులో ఎవరు ఎవర్ని బలవంతం చేశారు బాబూ?"

"వాళ్లే, మా అన్నను."

"మీ అన్నే వాళ్ల నోట్లో కుక్కి తినిపించినట్టు రాశావు."

సిగ్గుతో కాగితం వెనక్కి తీసుకోబోయాను. ఆమె మాత్రం నవ్వలేదు. వదిన వైపు తిరిగి, అసలేం జరిగిందని అడిగింది.

"తుపాకులు పట్టుకొని వాకిట్ల నిలబడ్డరు. అన్నం పెట్టుమన్నరు. పెట్టకుంట ఎట్లుంటం అక్కా?"

"అదే రాయి," అంది నర్సమ్మ నాతో.

ఆమె చెబుతుంటే చిన్న చిన్న వాక్యాలు రాశాను. తుపాకులతో వచ్చారు. అన్నం అడిగారు. భయపడి పెట్టాడు. ఇంగ్లీషులోనూ అంత తేటగానే కుదిరాయి.

క్యాంపులో అధికారి ఆ కాగితాన్ని నిలబడే చదివాడు.

"భయపడి పెట్టాడా?" అని అడిగాడు.

ఉర్దూలో అవునన్నాను. ఇంకేం అడగలేదు. మర్నాడు పొద్దున అన్నను వదిలేశారు.

గడ్డం మాసి, కాళ్లు వాచి ఇంటికొచ్చాడు. వదిన నీళ్లు కాచింది.

"ఏం రాసినవ్‌రా?" అన్నాడు అన్న.

"నువ్వు భయపడ్డవని రాసిన."

"అవ్, మస్తు భయపడ్డ," అన్నాడు.

స్నానం చేసి పడుకున్నాడు. అతని గురక వింటూ గడప మీద కూర్చున్నాను. అన్నను తీసుకుపోయిన నాటి నుంచి ముద్ద దిగని నాకు ఆకలేసింది. వదినను అన్నం అడిగాను.