నారింజ పూల వాసన వేసిన చొక్కా

ఎసిటోఫినోన్ అనే రసాయనంతో నా సంబంధం మా అత్తగారితో ఉన్నదానికంటే పాతది. నారింజ పూల వాసన వేస్తుంది. పూర్వం డాక్టర్లు దాన్ని నిద్రమందుగా ఇచ్చేవారట. ఇరవై డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కనుక, గచ్చిబౌలిలో మా ల్యాబ్ ఏసీకి సీసాలోనే హిమాలయమయ్యేది. వేడినీళ్లలో పెట్టి బతిమాలాలి. బట్టలకు అంటితే ముప్ఫై సబ్బులకు కూడా లొంగదు.

దిగులు తగ్గించే మందు ఒకటి దీని కుటుంబంలోదే. దాన్ని తక్కువ మెట్లలో చేసే దారి నాకు తట్టింది. ఈ ఎసిటోఫినోన్‌తోనే చేయాల్సిన ఆఖరి ప్రయోగం ఒక్కటే మిగిలింది. మణికొండ గదిలో నాతో ఉంటూ, ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర పనిచేసే మిత్రుడికి అంతా విప్పి చెప్పాను.

ఇంతలో తెలంగాణ బంద్ వచ్చింది.

"అన్నా, రేపు ల్యాబుల అడుగు పెట్టినోడు ద్రోహి. నీ ప్రయోగం యాడికి పోతది? ఎల్లుండి చేద్దువు తియ్" అని వాడే నా చేతిలో చెయ్యి వేశాడు.

పొద్దున్నే వెళ్లి రోడ్డు మీద బైఠాయించాను. తారులో నా ఆకారం అచ్చుపడి ఉంటుంది. వాడు ఇంకో చౌరస్తాకు పోతానన్నాడు. సాయంత్రం నుదుటికి గుడ్డ కట్టుకుని గదికొచ్చాడు. గదంతా నారింజ తోట!

"ఏందిరా గీ వాసన?"

"టియర్ గ్యాస్ అన్నా! సీదా మీదనే పడ్డది. నీకెరుకే గద, దీని చుట్టమే."

చుట్టమే. దీనికి ఒక క్లోరిన్ తగిలిస్తే పాతకాలపు టియర్ గ్యాస్ అవుతుంది. కానీ అది తగిలినవాడి కళ్లు పండుమిరపకాయలవుతాయి; వీడివి కడిగిన పింగాణీ. ఇంకెవడైనా అయితే సెంటు పూసుకున్నానని తప్పించుకునేవాడు. వీడు చదివిన చదువంతా ఉపయోగించి మరీ దొరికిపోయాడు.

మర్నాడు తన ల్యాబ్ పుస్తకం నా ముందు పెట్టాడు. మా దగ్గర ప్రతి పేజీనీ ఇంకొకడు చదివి సాక్షి సంతకం చెయ్యాలి. బంద్ నాటి తేదీ. నా ఆఖరి మెట్టు. వాడి పేరు.

"నిన్న రోడ్డు మీదున్నవా, ల్యాబులున్నవా? జర సోచాయించి చెప్పు" అన్నాను గట్టిగా. చుట్టుపక్కల బల్లలవాళ్లంతా నిన్న నాతో ఎండలో కూర్చున్నవాళ్లే. సీసాలు కూడా చెవులు రిక్కించాయి.

రోడ్డు మీద అంటే పేజీ పోతుంది. ల్యాబ్‌లో అంటే పరువు పోతుంది. వాడు అందరి వంకా చూశాడు.

"ల్యాబులనే ఉన్న. సంతకం పెట్టన్నా."

కనీసం తల దించుకుంటాడనుకున్నాను. పేజీ రెండుసార్లు చదివాను. బరువులు, వేడి, గంటలు, ఎక్కడా తప్పు లేదు. ఎందుకుంటుంది, నేను చెప్పినవే కదా! జరిగిన ప్రయోగాన్ని జరగలేదనడానికి చెయ్యి రాలేదు.

ఆ దారికి వాడి పేరే పడింది. నా పేరు పేజీ అడుగున, సాక్షిగా ఉంది.