పొట్టేలు ఎండేదాకా

మా కోస్గి వైపు పల్లెల్లో ఆ రోజుల్లో ఊరికే ఎవరూ ఎక్కడికీ పోయేవారు కాదు. పెళ్ళికి పోయేవారు, చావుకు పోయేవారు, జాతరకూ అంగడికీ కచేరీకీ దవాఖానకూ పోయేవారు. పక్క ఊళ్ళో ఉన్న సొంత చెల్లెలింటికి పోయినా సరే, కాళ్ళకు నీళ్ళిచ్చి, తాగడానికి నీళ్ళిచ్చి, ఆ వెంటనే ఏం పని మీద వచ్చారని అడిగేవారు. నిన్ను చూడాలనిపించి వచ్చానంటే ఆ చెల్లెలు బెదిరిపోయేది, ఏదో చెడు కబురు కడుపులో దాచుకుని కూర్చున్నారని.

అందుకే మా అత్తకు సముద్రం చూడాలని కోరిక పుట్టినప్పుడు ఇంట్లో పెద్ద చిక్కు వచ్చిపడింది. దూరమంటే రైలుంది. ఖర్చంటే ఆ ఏడు ఉన్ని బాగానే పలికింది. కానీ సముద్రం దగ్గర మాకు పనేం లేదు.

మాది గొర్రెల ఇల్లు. మామా, నా పెనిమిటీ మందను మేపితే, ఉన్ని వడికే పని అత్తది. నేను కాపురానికి వచ్చి అప్పటికి రెండు మూడేళ్ళయినా, ఆమె చేతిలో కదురు లేకుండా చూసింది అన్నం తినేటప్పుడే, అదీ చెయ్యి ఖాళీ లేక. నడుస్తూ వడికేది, ఒకరితో తగువు పడుతూ వడికేది, చావింటికి పోతే ఏడుస్తూ కూడా వడికేది. ఉత్తచేతులతో కూర్చున్న ఆడమనిషిని చూస్తే ఆమెకు సహించేది కాదు. నేను రవ్వంతసేపు గోడకు ఆనుకున్నానంటే, "కాళ్ళు నొస్తున్నయా బిడ్డా" అని ఎంతో ప్రేమగా అడిగేది. ఆ ప్రేమ తట్టుకోలేక లేచి ఏదో ఒక పని అందుకునేదాన్ని.

ఈ కోరిక ఆమెలో రేపినవాడు మా వాడకట్టులోనే ఉండే గ్యాంగు తాత. రైలుపట్టాల గ్యాంగులో చాలా ఏళ్ళు పనిచేసి, దేశమంతా చూసి, ముసలితనానికి ఊరు చేరాడు. పొద్దు గూకే వేళ మా అరుగు మీద కూర్చుని తను చూసిన ఊళ్ళ ముచ్చట్లు చెప్పేవాడు. సగం అబద్ధమని అందరికీ తెలుసు, ఏ సగమో తెలియదు కనుక మొత్తం వినేవాళ్ళం. ఒకనాడు బందరు సముద్రం సంగతి ఎత్తుకుని, ఒడ్డున కూర్చుంటే చాలు, నీళ్ళు వాటంతటవే వచ్చి కాళ్ళు కడిగి వెనక్కి పోతాయని చెప్పాడు.

అత్త నమ్మలేదు. "మనం పోకున్నా గవే వస్తయా?" అంది.

వస్తాయన్నాడు తాత. వద్దన్నా వస్తాయన్నాడు.

ఆ మాట ఆమెకు ఎందుకంత నాటుకుందో మా బావి చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం వస్తే చేంతాడుకు ఇంకో తాడు ముడేసినా బొక్కెన అడుగున బురదే తగిలేది. అప్పుడు వాగులోకి పోయి, ఇసుకలో చెలిమ తీసి, చిప్పతో నీళ్ళు కుండలోకి తోడుకోవాలి. అలా ఓ పొద్దున చెలిమ దగ్గర వంగి ఉండి, తల ఎత్తకుండానే నాతో చెప్పింది. "ఒక్కసారి గా నీళ్ళ కాడ కూసోవాలె బిడ్డా. నేను పోవుడు గాదు, నీళ్ళే నా కాడికి రావాలె."

ఇక అప్పటి నుంచి సముద్రానికి పని వెతకడం మొదలైంది. ముందు ఉప్పన్నది. అక్కడ ఉప్పు చవకంట, ఏడాదికి సరిపడా తెచ్చుకుందామంది. కోస్గి అంగట్లో ఉప్పు దొరకడం లేదా అన్నాడు మామ. తర్వాత మొక్కు అన్నది. మన దేవుడు గుట్ట మీదుంటే నీళ్ళల్లో మొక్కేమిటి, ఆయనకు కోపం రాదా అన్నాడు. చివరికి గొంగళ్ళు తీసుకుపోయి అమ్ముకొద్దామంది. అక్కడ చలికాలంలో కూడా చెమటలు కారతాయని గ్యాంగు తాత అదివరకే చెప్పి ఉన్నందువల్ల మామ నవ్విన నవ్వుకు కొట్టంలో గొర్రెలు లేచి నిలబడ్డాయి. మర్నాటి నుంచి మామకు పోసే మజ్జిగ పలచబడింది.

మా మామ చెడ్డవాడు కాదు. భార్య మాట కాదనడం ఆయనకూ ఇష్టం లేదు. కానీ ఊళ్ళో నలుగురూ ఎక్కడికి పోతున్నారంటే ఏం చెప్పాలి? నా భార్య నీళ్ళ దగ్గర కూర్చుంటానంటున్నదని చెప్పి ఏ మగవాడు తలెత్తుకు తిరగగలడు?

ఆ చిక్కు విప్పింది మా పొట్టేలు. మందలో విత్తనానికి పెట్టుకున్న నల్ల పొట్టేలు అది, కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉండేవి. మామకు కొడుకు కంటే దాని మీదే గురి ఎక్కువ. ఉన్ని కత్తిరించిన కొద్దిరోజులకు దానికి వీపంతా గజ్జి లేచింది. మందకు అంటకుండా తెచ్చి కొట్టంలో విడిగా కట్టేశారు. మామ దాని ముందు కూలబడి, వెనకటికి ఇట్లాంటి గజ్జికి ఉప్పునీళ్ళు పోసేవాళ్ళని తనలో తను అనుకున్నాడు.

అత్త కదురు తిప్పుతూనే అంది. "సముద్రం నిండ ఉప్పునీళ్ళేనంట గద."

మామ తలెత్తాడు. పొట్టేలు వంక చూశాడు, అత్త వంక చూశాడు. అప్పుడు నేను, చిన్నదాన్ని, తెలివితక్కువదాన్ని, గోలెంలో నీళ్ళు పోసి దోసెడు ఉప్పు కలిపితే సరిపోదా అన్నాను. ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. అత్తామామలు ఒకే మాట మీద నిలబడ్డం ఆ ఇంట్లో నేను చూడ్డం అదే మొదలు. నోరు మూసుకుని కుండ ఎత్తుకుని బావికి పోయాను.

ఊరు వెంటనే ఒప్పుకుంది. మనిషి సముద్రం చూస్తానంటే మతి పోయిందనేవాళ్ళు కానీ, పొట్టేలుకు స్నానం చేయించడానికి బందరు పోతున్నామంటే తలలూపారు. విత్తనపు పొట్టేలు మరి, ఆమాత్రం ఖర్చు పెట్టకపోతే ఎట్లా అన్నారు. ఎవరికి తోచిన పని వాళ్ళు పురమాయించారు. ఒకరికి శంఖం కావాలి, ఒకరికి మోకాళ్ళకు రాసుకోవడానికి సీసాడు సముద్రపు నీళ్ళు కావాలి. ఎటూ పోతున్నారు కనుక దీపస్తంభం ఎక్కి రమ్మని, ఊరంత పొడుగని తను చెప్పే ఓడ కనిపిస్తే దాని పొడవెంతో చూసి రమ్మని గ్యాంగు తాత చెప్పాడు. ఆ ఓడ సంగతి అబద్ధమని తేలిపోతుందేమోనని ఆయనకు లోపల గుబులు ఉండే ఉంటుంది.

మామ ప్రతి సాయంత్రం అరుగు మీద కార్యక్రమం చెప్పేవాడు. పొద్దున్నే పొట్టేలును ముంచాలి. తర్వాత ఒడ్డున కట్టేసి ఎండనివ్వాలి. ఎండాక శంఖం, సీసా, దీపస్తంభం చూసుకుని తిరుగురైలు ఎక్కాలి. అత్తకు ఈ మొత్తంలో ఒక్కటే ముఖ్యం. "ఎండేదాంక మనమేం చేస్తం?" అని అడిగేది.

"ఏం చేస్తం. కూసుంటం" అనేవాడు మామ.

ఆ జవాబు వినడానికే ఆమె రోజూ ఆ ప్రశ్న అడిగేదని నాకు తెలుసు. నన్ను మోకాలితో పొడిచేది కూడా.

అంతా కుదిరిందనుకునే వేళకు పొట్టేలుకు నయం కావడం మొదలైంది. మామకు ఒక అన్న ఉన్నాడు, నేను పెద్దమామ అనేదాన్ని. మంచివాడు, అంతకంటే ప్రమాదం ఏముంటుంది? ఎవరూ అడగకుండానే తెల్లారగానే వచ్చి పొట్టేలు వీపుకు కానుగనూనె పూసి పోతున్నాడు. చూస్తుండగానే పొక్కులు రాలిపోయి, అక్కడక్కడా కొత్త ఉన్ని మొలకెత్తసాగింది. అత్త ముఖం చూస్తే నాకు భయమేసింది. ఎవరైనా ఆ వీపు చూసి గజ్జి పోయిందంటే చాలు, సముద్రం కూడా పోయినట్టే.

ఒక పొద్దున పెద్దమామ నూనె పూసి వెళ్ళాక నేను కొట్టం ఊడుద్దామని పోయాను. అత్త అప్పటికే కుంకుడు రసం గిన్నెతో పొట్టేలుకు ఈ పక్కన నిలబడి ఉంది. మామ మడత గొంగడితో ఆ పక్కన ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది.

"జర మురికయింది, కడుగుదామని" అంది అత్త.

"జర చలి పెడుతుందేమో, కప్పుదామని" అన్నాడు మామ.

తర్వాత అత్త గిన్నె కింద పెట్టి, గొంగడి అంచు తన వైపుకు లాగి పట్టింది. ఇద్దరూ కలిసి పొట్టేలుకు పెళ్ళికూతురికి కప్పినట్టు కప్పి ముడేశారు. ఆ రోజు మజ్జిగ మళ్ళీ చిక్కబడింది. బయల్దేరేదాకా ఆ పొట్టేలు వీపు ఊళ్ళో ఎవరి కంటా పడలేదు. గజ్జి బాగా ముదిరిందని, చూడలేక కప్పేశారని చెప్పుకున్నారు.

నా పెనిమిటి మంద దగ్గర ఆగిపోయాడు. సద్ది మూట మొయ్యడానికి ఒకరు కావాలి కనుక నన్ను వెంటపెట్టుకున్నారు. తాండూరు దాకా పొట్టేలు బస్సు టాపు మీద వచ్చింది, అక్కడి నుంచి దానికి వేరే టికెట్టు తీసి గార్డు డబ్బాలో ఎక్కించారు. రైలు ఆగిన ప్రతి స్టేషన్లో మామ దిగి దాన్ని పలకరించడానికి పరుగెత్తేవాడు, రైలు కదిలిపోతుందేమోనని అత్త కిటికీలోంచి కేకలు పెట్టేది. బెజవాడ దాటాక మా బల్ల మీద ఓ కుటుంబం కూర్చుంది. ఆ ఇల్లాలు మర్యాదగా, ఏ ఊరికి, ఏం పని మీద అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ తయారై ఉన్న మా అత్త సంతోషంగా, గజ్జికి సముద్రస్నానం చేయించడానికి పోతున్నామని చెప్పింది. గజ్జి పొట్టేలుకని, అది గార్డు డబ్బాలో ఉందని చెప్పేలోపే వాళ్ళు మూటలు తీసుకుని లేచిపోయారు. బందరు దాకా మేము కాళ్ళు చాపుకుని పోయాం.

సముద్రం నేననుకున్నట్టు నీలంగా లేదు. ఇసుక కూడా లేదు. ఒడ్డున నల్లటి మట్టి, మట్టిరంగు నీళ్ళు. మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "మన చెర్వు లెక్కనే ఉంది, గా పక్క కట్ట గానొస్తలేదు, గంతే" అన్నాడు.

నీళ్ళ దగ్గర మా వాళ్ళకో పద్ధతి ఉంది. ముందు జీవం తాగాలి, తర్వాతే కాపరి తాగాలి. మామ ముప్పై నలభై ఏళ్ళుగా నీళ్ళు చూడగానే ఈల వెయ్యడం అలవాటైన మనిషి. ఇన్ని నీళ్ళు ఎదురుగా కనపడేసరికి ఏ పని మీద వచ్చాడో మరిచిపోయి, గొంగడి విప్పి, పొట్టేలును తాగమని ఈల వేశాడు. అది రైలు దిగినప్పటి నుంచి దూపతో ఉంది. యజమాని మీద నమ్మకంతో వంగి గుక్కెడు తాగింది. తలెత్తి మామ ముఖంలోకి ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేనింకా మరిచిపోలేదు. తర్వాత తాడు తెంపుకుని ఒడ్డు వెంట ఉత్తరానికి పరుగు తీసింది, మామ దాని వెనక, చేపలు పట్టేవాళ్ళు నలుగురు మామ వెనక.

నేను నవ్వాపుకోలేక అత్త వైపు తిరిగాను. ఆమె ఇదేమీ చూడలేదు. మట్టిలో కాళ్ళు చాపుకుని కూర్చుని, అలవాటు కొద్దీ కదురు తిప్పుతోంది. ఒక అల వచ్చి మడమలు తాకి పోయింది. ఇంకొకటి మోకాళ్ళ దాకా వచ్చింది. కదురు నెమ్మదించింది. కొంచెంసేపటికి ఒళ్ళోకి జారిపోయింది. ఉన్ని తడిసిపోతున్నా ఆమె తియ్యలేదు. రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ చేతులు ఖాళీగా ఎట్లుంటాయో నేనప్పుడే చూశాను. నాకు దుఃఖం వచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. కాళ్ళు నొస్తున్నాయా అని అడగలేదు.

చాలాసేపటికి మామ పొట్టేలును మెడ పట్టుకుని తెచ్చాడు. ఆయన నిలువునా తడిసి ఉన్నాడు. పొట్టేలు మీద ఒక్క చుక్క లేదు. రొప్పుతూ, అయింది, ఇక శంఖం చూసుకుని పోదాం అన్నాడు.

"ఎండనియ్యి" అంది అత్త, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

మామ పొడిగా ఉన్న పొట్టేలును చూశాడు. ఆమెను చూశాడు. మిగిలిన తాడు తన కాలికి కట్టుకుని ఆయన కూడా కూర్చున్నాడు. దీపస్తంభం ఎవరూ ఎక్కలేదు, ఓడ ఎవరూ కొలవలేదు. శంఖం మాత్రం స్టేషన్ దగ్గర కొన్నాం.

ఊరికి వచ్చాక అందరూ పొట్టేలు వీపు తడిమి చూశారు. గజ్జి పేరుకు కూడా లేదు. సముద్రం మహిమ అన్నారు, ఆ మాట అన్నవాళ్ళల్లో కానుగనూనె పూసిన పెద్దమామ కూడా ఉన్నాడు. మర్నాడు బావి దగ్గర ఆడవాళ్ళు అత్త చుట్టూ చేరారు. పొట్టేలు సంగతి సరే, నువ్వు అక్కడేం పని చేశావని ఒకామె అడిగింది. పొట్టేలును పట్టుకున్నాననో, వంట చేశాననో చెబుతుందని నేననుకున్నాను.

"ఏం చెయ్యలే" అంది అత్త. "ఊర్కెనే కూసున్న."

బొక్కెనలు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. ఎంతసేపని ఎవరో మెల్లగా అడిగారు. పొట్టేలు ఎండేదాకా అని చెప్పి, అత్త కుండ నెత్తికెత్తుకుంది.

ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, అందరికంటే పెద్దామె, నా ఎరుకలో ఒక్కనాడూ ఊరు దాటి ఎరగనిది, తాడు లాగుతూ ఎవరితోనూ కానట్టు అంది. "మా మేకకు గూడ జర గజ్జి లేసినట్టుంది."