ఎక్స్ క్యూ జడ్ సారు

పుంగనూరులో ఇంగ్లీషు నేర్పేవాళ్లు వీధికొకరున్నారు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం మాట్లాడకుండా ఇంగ్లీషు నేర్పగలిగిన మొనగాడు మాత్రం మా పక్కింటి ముద్దుకృష్ణ సారు ఒక్కడే. ఇది నేను అసూయతో అనే మాట కాదు. వాళ్ల ట్యూషన్ గదికీ మా వంటింటికీ మధ్య ఉండేది ఒకటే గోడ.

సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. "ఏ, ఎస్, డీ ఉండే మాటలు ఆటోవాళ్లకు గూడా వస్తాయప్పా. బస్సు, స్టాండు, సైడు. దాంట్లో గొప్పేముండాది? మనిషి విలువంతా ఎక్స్, క్యూ, జడ్ అక్షరాల్లో ఉండాది" అనేవాడు. అందుకని ఆయన ట్యూషన్‌లో ఒక వారం క్యూ ఉన్న మాటలు, ఒక వారం ఎక్స్ ఉన్న మాటలు, ఒక వారం జడ్ ఉన్న మాటలు. క్వెంచ్ అంటే దప్పిక తీర్చుట, క్వివర్ అంటే వణుకుట, జెనిత్ అంటే శిఖరము అని పిల్లలు ఎక్కాలు చదివినట్టు అరిచేవాళ్లు. ఆ మాటలతో ఏం చెయ్యాలో పిల్లలు అడగలేదు, సారూ చెప్పలేదు. రాళ్ల క్వారీలో పనిచేసే వెంకటేశులు తన కూతుర్ని చేర్పించడానికి వచ్చి, క్వారీ అనేది క్యూ మాటేనని తెలిసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "అయితే నేను ఇన్నేండ్లుగా ఇంగ్లీషులోనే పని చేస్తాండానా సార్" అన్నాడు. ఆనాటినుంచి సారుకు అతనే పెద్ద భక్తుడు.

సారు కీర్తి కుప్పం దాకా పోయింది. అక్కడ ఒక ప్రైవేటు బడి నడిపే శాలేము రాజు వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పాడు. సారు జడ్ అక్షరం గొప్పదనం మీద గంటసేపు తెలుగులో మాట్లాడాడు. వేదిక మీదున్న అతిథి ఒకాయన ఇంగ్లీషులో ఏదో అడిగితే చిరునవ్వుతో "యెస్" అన్నాడు. ఇంకోటి అడిగితే మళ్లీ "యెస్" అన్నాడు. మితభాషి అని ఆ అతిథి మెచ్చుకున్నాడట.

ఈ వైభవమంతా వసంతమ్మ ఆవుల మీద నిలబడి ఉండేది. వసంతమ్మ సారు భార్య. తెల్లారకముందే లేచి పాలు పిండి, కేంద్రంలో పోసి, పేడ ఎత్తి, సారుకు కాఫీ ఇచ్చేది. ఆ ఇంట్లో పేరు వెలిగింది అక్షరాలతో, పొయ్యి వెలిగింది పాలతో. ఆ సంగతి సారు ఏ వేదిక మీదా చెప్పలేదు.

పోయిన ఆషాఢంలో ఒక పొద్దున వసంతమ్మ ఆవు పక్కనే కడుపు పట్టుకుని కూలబడింది. అప్పటికే ఆమె అన్నం సరిగా తినడం లేదు, వంగి నడుస్తోంది. గోడ ఇవతలున్న నా భార్యకు కూడా అనుమానం వచ్చింది. సారు మాత్రం ఎక్స్ వారంలో మునిగి ఉన్నాడు. కేక విని నేను పరిగెత్తాను. కూతుర్ని ట్యూషన్‌కు వదలడానికి వచ్చిన వెంకటేశులు కారు మాట్లాడుకొచ్చాడు. అందరం కలిసి మదనపల్లెలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ చూసిన డాక్టరు ఉత్తరాది కుర్రవాడు. కొత్తగా వచ్చాడు, తెలుగు ముక్క రాదు. ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడగలిగిన నర్సు హెలెన్ పక్క గదిలో కాన్పు దగ్గర ఉందన్నారు. ఆయన పేషెంటును చూసి ఏదో అడిగి, మాకు అర్థం కాలేదని గ్రహించి, మాటల్ని తెలుగులోకి మార్చి చూపించే ఫోను బయటికి తీశాడు. వెంకటేశులు అడ్డం పడి చెయ్యి ఊపాడు. "ఫోన్ యాల సార్? మా సారు ఉండాడు" అని ముద్దుకృష్ణను ముందుకు నెట్టాడు.

డాక్టరు ఆశగా ఆయన వైపు తిరిగాడు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడుగుతున్నాడని సైగలను బట్టి నాకే తెలుస్తోంది.

"ఎక్స్‌క్రూషియేటింగ్" అన్నాడు సారు.

భరించలేని నొప్పి అని దాని అర్థం. గోడ పుణ్యమా అని నాకూ తెలుసు. డాక్టరు తలూపి, ఎక్కడ అని మళ్లీ అడిగాడు. పదమూడో ఎక్కం మధ్యలో ఆపమన్నా పిల్లలు ఆగలేరు. సారూ ఆగలేకపోయాడు. వారమంతా చదివించిన వరసే నోట్లోంచి వచ్చేసింది. "ఎక్స్‌కల్పేట్, ఎక్స్‌కర్షన్" అన్నాడు.

డాక్టరు ఆ చివరి మాట పట్టుకున్నాడు. ప్రయాణమా, బయటి తిండా అని సైగలతో అడిగాడు. "యెస్" అన్నాడు సారు. పాల కేంద్రం దాటి ఎక్కడికీ పోని వసంతమ్మ విహారయాత్రకు పోయి ఏదో తినొచ్చిందని ఖాయమైపోయింది. సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. ఆమె పళ్లు బిగబట్టి మూలుగుతోంది. నాకు ఒళ్లు మండింది. కానీ నాకేమన్నా ఇంగ్లీషు వచ్చి ఏడ్చిందా!

కాసేపటికి హెలెన్ వచ్చింది. వసంతమ్మ భుజం మీద చెయ్యి వేసి, "యాడమ్మా నొప్పి?" అంది.

"మొన్న బొడ్డు కాడ మొదలైందమ్మా. ఇప్పుడు కుడిపక్క కిందికి దిగింది. కాలు సాపలేకుండాను."

హెలెన్ ఆ ముక్క డాక్టరుకు చెప్పింది. ఆయన అక్కడ నొక్కి చూశాడు, మొహం మారిపోయింది. అపెండిక్స్. వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే పగిలి ప్రాణం మీదికి వచ్చేదని తర్వాత చెప్పారు.

ఆమె గండం గడిచేలోపే వెంకటేశులు ఊరంతా చాటేశాడు. "డాక్టరు ఫోన్ తీసి పక్కన పెట్టినాడప్పా. మా సారు కొట్టిన మాటలకు ఆయప్ప నోరెత్తలేదు" అన్నాడు. ట్యూషన్‌లో చేరతామని కురబలకోట నుంచి కూడా ఫోన్లు వచ్చాయి.

రెండోరోజు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని సారు ఆ కబురే భార్యకు చెప్పాడు. కొత్త పిల్లలకు గది చాలదేమో, ఆవుల కొట్టం తీసేసి రేకులు వేద్దామా అని అడిగాడు. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. వసంతమ్మ ఆయన వైపు తల తిప్పింది.

"భాష రాని ఆ డాక్టరు అడిగినాడు, యాడ నొప్పి అని. ముక్కూ మొగం తెలీని నర్సమ్మ అడిగింది. మొన్నటినుంచీ నేను వంగిపోయి తిరగతాంటే నువ్వు ఇంట్లోనే ఉండావు గదా. తెలుగులోనే అడగాల్సింది."