అయిమరా పట్టని మా అన్న

మా అన్న యానొమలె చనిపోయి నెలయింది. ఇంకా కొందరు అతన్ని చేపలు పట్టలేని, చెయ్యి పడిపోయిన ముసలాడనే అంటున్నారు. వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఇక ఊరుకోను.

ఆకులు కుళ్ళే వాగుల్లో పటగాయి అనే చేప ఉంటుంది. బురదగుంటల్లో పైకొచ్చి గాలి మింగే కులాన్ ఉంటుంది. అన్నీ ఒక్క కుటుంబమే, సాటి చేపల్ని మింగి బతికేవే. వాటిలో పెద్దది అయిమరా. మా ఊరి పక్కన పారే లావా నదిలో నీళ్ళు హోరెత్తే చోట రాళ్ళ కింద మాటు వేస్తుంది. దాన్ని పట్టాలంటే ఊళ్ళో మా అన్నే దిక్కు.

అన్న కూతురు కుతాక కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ వచ్చి మా జుట్టు కత్తిరించి పరీక్షకు తీసుకెళ్ళింది. తిరిగొచ్చి చెప్పింది. "బంగారం తవ్వేవాళ్ళ పాదరసం చేపల్లో చేరుతోంది. చేపల్ని తినే పెద్ద చేపల్లో మరీ ఎక్కువ. కుతాక జుట్టులో చాలా ఉంది. ఇంక అయిమరా తింటే కడుపులో బిడ్డకి ముప్పు."

కుతాక కొట్టిపారేసింది. "మా నాయనమ్మ తిన్లేదా? నాకు అయిమరా తలే కావాలి నాన్నా!"

ఇంటికొచ్చిన చేపను కడుపుతో ఉన్నదానికి పెట్టకపోవడం మాలో లేదు.

ఆనాటి నుంచి అన్న రోజూ ఉత్త పడవతోనే వచ్చాడు. కర్రపెండలంతో చేసే కసిరి కల్లు తాగుతూ కుర్రాళ్ళు నవ్వారు. నేనూ తక్కువేం తినలేదు. "ఏం అన్నా, అయిమరాలకి దణ్ణం పెట్టి వస్తున్నావా?"

"చెయ్యి వాటం పోయిందే చెల్లీ."

ఒళ్ళు మండి ఒక ఉదయం అడక్కుండానే అతని పడవెక్కాను. రాళ్ళ దగ్గర గేలం తాడు బిగిసి పడవ ఒరిగింది. అంత పెద్ద అయిమరాను నేనెన్నడూ చూడలేదు. దాన్ని పడవ పక్కకు లాగి, అన్న కత్తి తీసి తాడు కోసేశాడు.

"నీకేమైనా పిచ్చా!" అని అరిచాను.

"ఇంటికి తెస్తే కుతాక తింటుంది. నాకు చేతకావట్లేదనుకుంటే జాలిపడి అడగడం మానేస్తుంది. దానికి చెప్పకే. తెలిస్తే ఇంకొకణ్ణి పట్టమంటుంది."

"మరి నీ పేరు పోదా?"

"పోనీలే."

నాకు ఏడుపు ఆగలేదు. అన్ని మాటలన్న నా నోరు పడిపోను!

పిల్లాడు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. కుతాక వాణ్ణి తాత చేతుల్లో పెడుతూ అందరిముందూ అంది. "వీడికి చేపలు పట్టడం మాత్రం నువ్వు నేర్పకు నాన్నా. నీ చేతకానితనం వీడికి అంటుకుంటుంది."

ఇల్లంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. నేను లేచి బయటికి వచ్చేశాను.