నైవేద్యం రుచి చూసిన మా మేనత్త

మా మేనత్త పోయింది. ఉప్పుగూడలో మా ఇంటి ముందు నుంచి పాడె ఇంకా లేవనే లేదు, అమ్మ పరామర్శకు వచ్చినవాళ్లతో అంటోంది: "ఆఖరి రోజులల్ల ఆమె నోట్లె ఇంత తీపి పడనియ్యలే మా పిల్ల. సదువు ఎక్కువైతే గిట్లనే ఉంటది." బెల్లం డబ్బా దాచింది నేనే. అది ఆమెను కాపాడుకోవడానికని మా ఇంట్లో ఒక్కరికీ అనిపించలేదు.

మేనత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి, పిల్లలు లేక, పుట్టింటికి వచ్చేసింది. మా వీధి అమ్మవారి గుడిలో నాన్న పూజ చేస్తాడు, నైవేద్యం ఆమె వండేది. శుక్రవారం చక్కెర పొంగలి. అమ్మవారికి పెట్టకముందు వండినవాళ్లు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. బెల్లం సరిపోయిందో లేదో ఆమె వాసనను బట్టే చెప్పేది. "నాలుకకు ఆశుంటది బిడ్డా, ముక్కుకు ఉండదు" అనేది. నేను పరధ్యానంగా ఉంటే, "మూత పెట్టవే, అమ్మవారికంటే ముందు ఈగ తింటది" అని కసిరేది.

ఒక శుక్రవారం పొంగలి నోట్లో పెట్టలేనంత తీపి. బెల్లం వేసి, వేసిన సంగతి మరిచి, మళ్లీ వేసింది. "పంతులూ, అమ్మవారికి గూడ షుగర్ తెప్పిస్తవా ఏంది?" అని వీధివాళ్లు నాన్నను ఆటపట్టించారు. తర్వాతి వారం అసలు బెల్లమే లేదు. ఆ పై వారం నాన్న గుడి వంటగదిలోకి వెళ్లేసరికి ఆమె గరిటె అంచు నాలుకకు ఆనిస్తోంది.

"ఎంగిలి చేసినవా అక్కా!"

"బెల్లం ఏసిన్నో లేదో తెలుస్తలేదురా" అంది, గరిటె దించకుండానే.

ముసలితనంలో జిహ్వ చాపల్యం అన్నారు అందరూ. నియమమే ప్రాణంగా బతికిన మనిషి ఎంత భయపడితే ఆ పని చేసి ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్. నేనే అఫ్జల్‌గంజ్ వైపు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ అల్జీమర్స్ అని చెప్పింది. ఈ జబ్బులో మెదడు చక్కెరను సరిగ్గా వాడుకోలేదట, రక్తంలో ఎంత ఉన్నా దానికి ఆకలే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువట. "ఈమెకు దానివల్లే వచ్చిందని చెప్పలేను. కొంచెం ముందు తీసుకొస్తే బాగుండేదమ్మా" అంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వింది: "షుగర్‌కు కాళ్లు పోతయంటరు గని, మతి పోవుడేంది?"

తర్వాత మా పేర్లు పోయాయి. గుడికి దారి పోయింది. అన్నం నములుతూ నములుతూ, మింగాలని మరిచిపోయేది. నేను గొంతు నిమిరితే మింగేది. చివరికి జ్వరమొచ్చి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. పడుకున్నచోటే కుడిచెయ్యి గాలిలో మెల్లగా తిప్పుతుండేది, ఏదో అడుగంటుతున్నట్టు. ఆ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని మళ్లీ తిప్పేది.

కర్మలు నాన్నే చేశాడు. ఊరందరి చేతా సంకల్పం చెప్పించే మనిషి, మా తాత పేరు దగ్గర ఆగిపోయాడు. సొంత తండ్రి పేరు. పక్కనున్న బంధువు అందించాడు. "దుఃఖంల గొంతు పూడుకపోయింది పాపం" అంది అమ్మ. నేను ఎదురుగానే ఉన్నాను. అది దుఃఖపడుతున్న ముఖం కాదు, వెతుక్కుంటున్న ముఖం. నాన్నకూ షుగరే. మాత్రలు గుర్తుంటే వేసుకుంటాడు.

ఆ సాయంత్రమే అమ్మతో చెప్పాను. ఆమె తలుపు దగ్గరికి వేసింది. "నోరు మూస్కో. పంతులుకు మతి తప్పుతున్నదని బస్తీల పొక్కితే గుళ్లె ఎవరు నిలబడనిస్తరే? మనం యాడికి పోవాలె?"

అమ్మ భయం ఉత్తది కాదు. మేమున్న ఇల్లు కూడా గుడిదే.

సోమవారం నాన్నను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. వీధిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, ఉన్నదే చెప్తాను.